టర్బో బండ్లు, హెడ్ గ్యాస్కెట్ గోల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం ఒకటే గోడు. టర్బో బండి ట్యూన్ చేయించాం, హెడ్ గ్యాస్కెట్ పోయింది, మార్పించాం, మళ్లీ పోయింది అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ముందే ఒక మాట చెప్తా, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లుండే బ్లాక్‌కీ, దానిపైన మూతలా బిగించే హెడ్‌కీ మధ్య గ్యాస్, కూలెంట్ కారకుండా వేసే సీల్) దానంతటది ఊరికే పోదు, ఏదో ఒకటి దాన్ని పోగొడుతుంది. అదేంటో తెలుసుకోకుండా కొత్తది వేయించారంటే ఇంకోసారి హెడ్ దించడానికి ఇప్పుడే అడ్వాన్స్ కట్టేసినట్టు లెక్క.

ప్రశ్న: సర్, నాది 1.8 లీటర్ టర్బో పెట్రోల్ సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో కొని స్టేజ్ 2 ట్యూన్ చేయించా, బూస్ట్ (టర్బో అదనంగా నొక్కే గాలి ప్రెషర్) 1.4 బార్ దాకా వస్తుంది. ఎండాకాలంలో హెడ్ గ్యాస్కెట్ పోయింది, మార్పించాం. ఇప్పుడు మళ్లీ హైవే మీద గట్టిగా తొక్కితే కూలెంట్ బాటిల్‌లోంచి పొంగి బయటికొచ్చేస్తోంది, సిటీలో తిరిగితే మాత్రం ఏమీ లేదు, టెంపరేచర్ ముల్లు కూడా మధ్యలోనే ఉంటుంది. గ్యారేజ్‌లో బ్లూ లిక్విడ్ టెస్ట్ చేసి రంగు మారలేదు కాబట్టి గ్యాస్కెట్ బాగానే ఉంది అన్నారు. ట్యూన్ చేసినాయనేమో బూస్ట్ పెంచితే ఇవన్నీ మామూలే అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి? – విజయవాడ

జవాబు: ఇద్దర్నీ నమ్మకండి. మీరు రాసింది చూస్తే హెడ్ లేస్తోందనిపిస్తోంది. అంటే ఫుల్ బూస్ట్‌లో సిలిండర్ లోపలి ప్రెషర్‌కి బోల్టులు సాగి, హెడ్ వెంట్రుకవాసి పైకి లేచి, ఆ సందులోంచి మండిన గ్యాస్ కూలెంట్ దారిలోకి దూరుతోంది, మీరు యాక్సిలరేటర్ వదలగానే హెడ్ మళ్లీ కూర్చుంటోంది. బాటిల్ మూత ఒకటి, ఒకటిన్నర బార్ దగ్గర వదిలేస్తుంది, లోపలికి దూరే గ్యాస్ ప్రెషర్ దానికి ఎన్నో రెట్లు, ఇంక కూలెంట్ పొంగక ఏం చేస్తుంది?

కాస్త లెక్క చూడండి. మీ ఇంజన్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 81 మి.మీ. అనుకుంటే పిస్టన్ తల వైశాల్యం దాదాపు 51.5 చదరపు సెం.మీ. పెట్రోల్ మండేటప్పుడు ప్రెషర్ 100 బార్‌కి వెళ్లిందంటే (మీరు నడిపే బూస్ట్‌కి అది పెద్ద నంబర్ కాదు) ఆ ఒక్క సిలిండర్ హెడ్‌ని పైకి తోసే బలం 5 టన్నుల పైమాటే. ఇలాంటి నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో హెడ్‌ని కిందకి పట్టి ఉంచేవి మామూలుగా 10 బోల్టులు. ఆ పట్టు కొంచెం తగ్గినా, ప్రెషర్ కొంచెం పెరిగినా కథ మారిపోతుంది.

బ్లూ లిక్విడ్ టెస్ట్ తప్పు కాదు, చేసిన టైమ్ తప్పు. ఆ ద్రవం కూలెంట్ పైనున్న గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే పసుపు రంగుకి మారుతుంది. గ్యారేజ్‌లో బండి ఐడిల్‌లో పెట్టి చూస్తే మీ ఇంజన్‌లో గ్యాస్ లీకవ్వదు, ఎందుకంటే హెడ్ అప్పుడు గట్టిగానే కూర్చుని ఉంది. కూలెంట్ లైన్‌కి ఒక ప్రెషర్ గేజ్ కట్టించి, లోడ్‌లో నడిపి చూడమనండి. బూస్ట్ వచ్చిన ప్రతిసారీ ముల్లు గబుక్కున ఎగిరి, అక్కడే నిలబడిపోతే ఇంక అనుమానం అక్కర్లేదు. ఇంకో తేలిక పని, రాత్రి బండి ఆపి పొద్దున చల్లగా ఉన్నప్పుడు పై రేడియేటర్ హోస్ నొక్కి చూడండి, రాత్రంతా చల్లారాక కూడా గట్టిగా ఉబ్బి ఉంటే లోపల గ్యాస్ చేరినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. బూస్ట్ పెంచితే మామూలే అన్న మాట నాకు కోపం తెప్పించింది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా. 1.4 బార్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న ఇంజన్లు ఉన్నాయి. బూస్ట్ ఒక్కటే గ్యాస్కెట్‌ని చంపడం తక్కువ, దాని వెనకాల వచ్చే డిటొనేషన్, అంటే మనం నాకింగ్ అనేది (సిలిండర్‌లో మిశ్రమం కొంత దానంతటదే ఒక్కసారిగా అంటుకోవడం), అదే ఎక్కువసార్లు చంపేది. మీ ట్యూనర్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి, ఈ మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో స్పార్క్, పెట్రోల్, బూస్ట్ లెక్కలుండే ఫైల్) ఏ పెట్రోల్‌కి రాశారు అని. ఇంటర్నెట్‌లో చేతులు మారే ఫైల్స్‌లో చాలావరకు అమెరికావి, వాటిమీద 91 ఆక్టేన్ (పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబర్) అని ఉంటుంది, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 రాకముందు మన బంకులో మామూలు పెట్రోల్ కూడా 91 ఉండేది, అది చూసి ఎక్కించేసేవాళ్లు. కానీ అమెరికాలో బంకు మీద రాసే నంబర్ వేరు, అది రాన్, మాన్ అనే రెండు కొలతల సగటు. మన దగ్గర రాసేది ఒక్క రాన్ మాత్రమే. వాళ్ల 91 మన లెక్కలో 95, 96 దగ్గర ఉంటుంది, మన పాత 91 వాళ్ల 87తో సమానం, అంటే అక్కడ అన్నిటికన్నా చవక పెట్రోల్! 95 పెట్రోల్‌కి రాసిన ఇగ్నిషన్ అడ్వాన్స్‌తో (స్పార్క్ ఎంత ముందుగా ఇవ్వాలన్న లెక్కతో) అలాంటి 91 పోసి, విజయవాడ మే నెల 45 డిగ్రీల ఎండలో, కంపెనీ ఇచ్చిన, టర్బో గాలిని చల్లార్చే చిన్న ఇంటర్‌కూలర్‌తో 1.4 బార్ తొక్కితే ఏ గ్యాస్కెట్ నిలబడుతుందండి?

కాబట్టి వరస ఇది. ఇవాళే బూస్ట్ కంపెనీ సెట్టింగ్‌కి దించేయించండి. తర్వాత డేటా లాగ్ తీయించండి, అందులో సిలిండర్ల వారీగా నాక్ రిటార్డ్ ఎంత (నాకింగ్ వల్ల కంప్యూటర్ స్పార్క్‌ని ఎంత ఆలస్యం చేసిందో), ఇన్‌టేక్ గాలి వేడి ఎంత, ఫుల్ లోడ్‌లో మిక్స్చర్ లీన్ అవుతోందా (పెట్రోల్ పాలు తగ్గుతోందా) అన్నది చూడాలి. అది తేలాకే హెడ్ దించాలి. దించాక ఫ్లాట్‌నెస్ కొలిపించి, అవసరమైతే ఫేసింగ్ కొట్టించి (గ్యాస్కెట్ ఆనే ముఖాన్ని చదును చేయించి), పాత బోల్టులు పడేసి, కొత్త బోల్టులో మంచి స్టడ్సో (బోల్టుల బదులు వేసే, రెండు కొసలా మరలుండే కడ్డీలు) వేసి, మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ వేయించండి. మ్యాప్ మాత్రం మన 95కో, లేదా ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో తెచ్చిన 100 ఆక్టేన్ మీ ఊళ్లో రోజూ దొరికితే దానికో, మీరు నిజంగా పోయించే పెట్రోల్‌కి రాయించుకోండి. ఎప్పుడో ఒకసారి దొరికే పెట్రోల్‌కి రాయించుకుని ప్రయోజనం లేదు.

ప్రశ్న: అన్నా, నేను మెకానికల్ థర్డ్ ఇయర్. నాకింగ్ వస్తే పిస్టన్ పోతుందని చదివాం, గ్యాస్కెట్ ఎందుకు పోతుంది? ఇంకోటి, అసలు గ్యాస్కెట్ లేకుండా ఇంజన్ చేయలేరా? – హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, మామూలుగా స్పార్క్ దగ్గర మొదలైన మంట అంచులకి పాకుతూ వెళ్తుంది, ప్రెషర్ కూడా ఒక పద్ధతిగా పెరుగుతుంది. నాకింగ్‌లో ఏమవుతుందంటే మంట ఇంకా చేరకముందే చివర మిగిలిన గాలి-పెట్రోల్ మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక ఒక్కసారిగా అంటుకుంటుంది. తలుపుని భుజంతో నెట్టడానికీ అదే తలుపుని సమ్మెటతో కొట్టడానికీ ఉన్నంత తేడా. ఆ దెబ్బకి సిలిండర్ లోపల ప్రెషర్ అలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, 80 మి.మీ. చుట్టుపక్కల బోర్‌కి ఆ మోత 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, నాక్ సెన్సర్ వినేది దాన్నే. ఈ మిగిలిపోయిన మిశ్రమం ఉండేది ఎక్కడ? సిలిండర్ గోడ పక్కన, గ్యాస్కెట్ ఫైర్ రింగ్ (సిలిండర్ చుట్టూ ఉండే లోహపు వలయం) అంచుకి దగ్గర్లో. అందుకే దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. పైగా లోహం గోడని ఆనుకుని ఒక పల్చని గాలి పొర ఉండి వేడిని ఆపుతుంటుంది, ఈ అలలు దాన్ని చెరిపేస్తాయి, దాంతో వేడి అంతా గ్యాస్కెట్ అంచులోకీ హెడ్‌లోకీ దిగుతుంది. పిస్టన్ రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు) ముందు విరుగుతుందా గ్యాస్కెట్ ముందు పోతుందా అన్నది ఆ ఇంజన్‌లో ఏది బలహీనంగా ఉంటే దాన్ని బట్టి. గ్యాస్కెట్ ముందు పోతే నిజానికి అదృష్టమే, తక్కువ ఖర్చుతో బయటపడ్డట్టు.

రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. చేయగలరు, చేశారు కూడా. అమెరికాలో ఇండియానాపోలిస్ 500 రేసుని దశాబ్దాల పాటు ఏలిన ఆఫెన్‌హాజర్ ఇంజన్‌లో హెడ్, సిలిండర్ బ్లాక్ రెండూ ఒకే పోత. విడదీసే జాయింటే లేదు, కాబట్టి గ్యాస్కెట్ లేదు, హెడ్ బోల్టులూ లేవు. 1930ల నాటి డిజైన్ అది. తర్వాత టర్బోలు వచ్చినప్పుడు ఇదే గుణం దానికి వరమైంది, 1968లో బాబీ అన్సర్ ఆ రేసు గెలిచింది టర్బో ఆఫెన్‌హాజర్‌తోనే, ఇండీ 500లో టర్బో ఇంజన్‌కి అదే మొదటి గెలుపు. 1970ల్లో ఇంకా బూస్ట్ పెంచుకుంటూ పోయారు, ఊడిపోయే హెడ్ లేదు కదా! మరి మన కార్లకి ఎందుకు చేయరంటే, వాల్వులు సిలిండర్ కింద నుంచి లోపలికి చేయి పెట్టి బిగించాలి, మిషనింగ్ కష్టం, పోత పోయడం కష్టం, చిన్న రిపేర్‌కి కూడా ఇంజన్ అడుగు నుంచి విప్పుకుంటూ రావాలి. లక్షల్లో తయారయ్యే బండికి అది కుదరదు.

ప్రశ్న: నమస్తే అండీ. పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్నా. ఈమధ్య టర్బో బండ్లకి స్టీల్ గ్యాస్కెట్లు వేస్తుంటే కొన్నిట్లో వారానికే కూలెంట్ చెమ్మ కనిపిస్తోంది. పాత రకం గ్యాస్కెట్ వేసినప్పుడు ఇంత ఇబ్బంది లేదు. కస్టమర్లు బూస్ట్ పెంచాలి, మందపాటి గ్యాస్కెట్ వేయి అని కూడా అడుగుతున్నారు. – గుంటూరు

జవాబు: మీలాంటి వాళ్లు రాస్తే నాకు నిజంగా సంతోషం, ఎందుకంటే వంద మంది బండి ఓనర్లకి చెప్పేది ఒక షెడ్డుకి చెప్తే సరిపోతుంది. మీ తప్పు పనితనంలో లేదనిపిస్తోంది, పద్ధతి పాత గ్యాస్కెట్‌ది ఉండిపోయింది, అంతే.

పాత గ్రాఫైట్ కాంపోజిట్ గ్యాస్కెట్ మెత్తనిది, ఫేసింగ్‌లో గీతలున్నా వాటిలోకి దిగి సర్దుకుపోతుంది. స్టీల్‌ది అలా కాదు. మూడు నుంచి ఐదు స్ప్రింగ్ స్టీల్ రేకులు, పైన సన్నని రబ్బరు పూత, సర్దుకుపోయేది ఆ పూత మందం వరకే. కాబట్టి హెడ్, బ్లాక్ రెండిటి ఫేసింగ్ నున్నగా ఉండాలి, కొలతలో చెప్పాలంటే ఆర్ఏ (సగటు గరుకుదనం) 1.25 మైక్రాన్ లోపు, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. లేత్ షాపులో పాత కట్టర్‌తో ఒక పోటు వేసి ఇచ్చేస్తే గోరు తగిలేంత గీతలుంటాయి, చెమ్మ వచ్చేది అక్కడే. వంకర కూడా హెడ్ పొడవునా 0.05 మి.మీ. లోపు ఉండాలి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫిల్లర్ గేజ్‌తో చూడండి, నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకి కూడా. బ్లాక్ కూడా చూడాలి, అందరూ హెడ్ చూసి బ్లాక్ వదిలేస్తారు! పాత గ్యాస్కెట్ గీకడానికి గ్రైండర్‌కి రాపిడి డిస్క్ పెట్టి అల్యూమినియం మీద తిప్పుతారు కొందరు, అది మానేయాలి, అక్కడక్కడా గుంట పడుతుంది, రాలిన పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తుంది. గ్యాస్కెట్‌కి బంక పూయడం కూడా వద్దు, కంపెనీ మాన్యువల్ ఫలానా చోట పూయమంటే తప్ప.

నున్నదనం ఎందుకంత ముఖ్యమంటే, అల్యూమినియం హెడ్ వేడికి ఇనప బ్లాక్ కన్నా రెట్టింపు సాగుతుంది. 450 మి.మీ. పొడవు హెడ్ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వెళ్తే సుమారు 0.7 మి.మీ. సాగుతుంది, బ్లాక్ అందులో సగం. అంటే బండి వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ రెండూ గ్యాస్కెట్ మీద అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి, గరుకు ఫేసింగ్ ఆ పూతని గీకేస్తుంది.

ఇక బిగింపు. బ్లాక్‌లో బోల్టు రంధ్రాలు ట్యాప్ పెట్టి శుభ్రం చేసి, గాలి కొట్టి ఆరబెట్టాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిలో నీళ్లో మిగిలితే బోల్టు దిగేటప్పుడు అది ఎటూ పోలేక బ్లాక్‌ని పగలగొడుతుంది, లేదంటే టార్క్ రెంచ్ టక్కుమంటుంది గానీ హెడ్ మీద పట్టు ఉండదు. టార్క్, తర్వాత డిగ్రీలు తిప్పి బిగించే సాగే రకం బోల్టులు రెండోసారి వాడొద్దు, కస్టమర్ బతిమాలినా వద్దు. స్టడ్స్ వేస్తే వాటితో వచ్చే లూబ్రికెంటే రాయాలి, అదే టార్క్‌కి ఇంజన్ ఆయిల్ రాస్తే పట్టు వేరేగా వస్తుంది.

పట్టు ఎంత ముఖ్యమో చెప్పడానికి టొయోటా 7ఎం-జీటీఈ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1986 నుంచి 1992 దాకా సుప్రాలో వచ్చిన మూడు లీటర్ల టర్బో ఇంజన్. బూస్ట్ అర బార్ దగ్గరే, ట్యూనింగ్ లేదు ఏమీ లేదు, అయినా హెడ్ గ్యాస్కెట్లు పోవడంలో దానికి పెద్ద పేరు. ఫ్యాక్టరీ టార్క్ 58 ఫుట్-పౌండ్లు, అంటే 78 న్యూటన్ మీటర్లు, ఆ గ్యాస్కెట్‌కి అది చాలలేదు. ఓనర్లు 70 ఫుట్-పౌండ్ల పైకి బిగించడం మొదలుపెట్టాక, తర్వాత స్టడ్స్, స్టీల్ గ్యాస్కెట్ వేశాక అదే ఇంజన్ ఫ్యాక్టరీ కన్నా రెండింతల బూస్ట్ మోసింది. లోహం అదే, పట్టు మారింది.

మందపాటి గ్యాస్కెట్ సంగతి, దయచేసి ఒప్పుకోకండి. కంప్రెషన్ కాస్త తగ్గుతుంది నిజమే, కానీ పిస్టన్‌కీ హెడ్ అంచుకీ మధ్య ఉండాల్సిన సన్నని సందు పెద్దదైపోతుంది. ఆ సందే గాలిని మధ్యలోకి చిమ్మి మంట త్వరగా పాకేలా చేసేది. అది పోతే నాకింగ్ తగ్గుతుందనుకున్నవాళ్లకి కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. కంప్రెషన్ తగ్గించాలంటే పిస్టన్లు మార్చడమే సరైన దారి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. వాడిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐ, 2.5 టర్బో కొనాలనుంది. 22 పీఎస్ఐ (సుమారు 1.5 బార్) బూస్ట్ నడపాలని ప్లాన్, స్టడ్స్ వేస్తే చాలా? – టెక్సస్ నుంచి ఓ తెలుగు పాఠకుడు

జవాబు: బాబూ, ముందు కొనే బండి ఆరోగ్యం చూసుకో. ఆ ఇంజన్ బోర్ 99.5 మి.మీ., అంటే పైన విజయవాడ ఇంజన్‌కి చెప్పిన అదే 100 బార్‌కి ఇక్కడ దాదాపు 8 టన్నుల తోపుడు. బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలా అడ్డంగా ఉండే రకం) కాబట్టి రెండు హెడ్లు, ఒక్కో హెడ్‌కి 6 బోల్టులే, రెండేసి సిలిండర్లకి. బ్లాక్ సెమీ క్లోజ్డ్ డెక్, అంటే సిలిండర్ గొట్టాల పైభాగం చుట్టూ పూర్తి ఆసరా ఉండదు, ఎక్కువ ప్రెషర్‌లో గొట్టాలే కదులుతాయి, గ్యాస్కెట్ కింద నేల కదిలితే పైన ఎంత గట్టి స్టడ్ ఉన్నా ఏం లాభం? కాబట్టి స్టడ్స్ ఒక్కటే చాలవు. కొనేముందు నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్ట్, లీక్ డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత కారుతోందో చూసేది) రెండూ చేయించు, పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ తెగినట్టు, ఒక్కటే తక్కువైతే రింగ్ ల్యాండ్ మీద అనుమానం. మీకు అక్కడ 93 ఆక్టేన్ దొరుకుతుంది, అది మంచి పెట్రోల్. ఈ85 పోస్తే నాకింగ్‌కి ఇంకా దూరం, కానీ అమెరికాలో ఈ85 బంకులో ఇథనాల్ సీజన్‌ని బట్టి 51 నుంచి 83 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు, ఇథనాల్ ఎంతుందో కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ లేకుండా దానిమీద మ్యాప్ రాయించుకోవద్దు.

ప్రశ్న: డీజిల్‌లో నాకింగ్ ఉండదు కదా, మా ఎస్‌యూవీకి ట్యూనింగ్ బాక్స్ పెట్టించొచ్చా? – వరంగల్

జవాబు: పెట్రోల్ రకం నాకింగ్ ఉండదు గానీ డీజిల్‌లో మామూలుగానే ప్రెషర్ ఎక్కువ, ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో 150 బార్ దాటడం మామూలే. చవక బాక్సులు చేసే పని రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి డీజిల్ పంపే పైపులోని ప్రెషర్) సెన్సర్ సిగ్నల్ మార్చి ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, అబద్ధం చెప్పడం, దాంతో డీజిల్ ఎక్కువ పడుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఈసీయూకి అసలు లెక్క తెలియదు. ఘాట్ రోడ్డు మీద ఏడుగురితో ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. నేనైతే పెట్టించను.

ప్రశ్న: మాది ఏ ట్యూనింగూ లేని 1 లీటర్ టర్బో పెట్రోల్. మాక్కూడా భయం ఉందా? మెకానిక్ మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసేద్దాం అన్నాడు. – నెల్లూరు

జవాబు: భయం అక్కర్లేదమ్మా, కంపెనీ సెట్టింగ్‌లో ఉన్న బండికి ఇది తరచుగా వచ్చే జబ్బు కాదు. ఒక్క అలవాటు మానుకోండి, టాప్ గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర ఉండి ఓవర్‌టేక్‌కి కాలు మొత్తం నొక్కేయడం. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో అక్కడే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది, ఒక్క దెబ్బకే పిస్టన్ పగలొచ్చు. గేర్ ఒకటి తగ్గించి తొక్కండి. ఆయిల్ కూడా ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ పోయించండి, 2020లో వచ్చిన ఆ గ్రేడ్‌లో దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) మాత్రం ముట్టుకోనివ్వకండి. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగి, ఆ పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసేది కూడా థర్మోస్టాటే, తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కి పూర్తిగా వెళ్లకుండా అక్కడక్కడే తిరిగి ఇంకా హీటెక్కుతుంది.

ప్రశ్న: గ్యాస్కెట్ పోయినట్టు తెలిసింది, హెడ్ దించడానికి ఇప్పుడు డబ్బుల్లేవు. రేడియేటర్‌లో లీక్ ఆపే పౌడర్ వేసి కొన్నాళ్లు నడపొచ్చా? – కర్నూలు

జవాబు: డబ్బు ఇబ్బంది నాకు అర్థమైంది, అయినా వద్దనే చెప్తా. ఆ పౌడర్ రేడియేటర్‌లో చిన్న చిల్లుని ఆపగలదేమో గానీ 100 బార్ ప్రెషర్‌ని ఆపలేదు, పోయి హీటర్ కోర్‌లో, టర్బోకి కూలెంట్ వెళ్లే సన్నని పైపులో పేరుకుంటుంది. ఇప్పుడు గ్యాస్కెట్, ఫేసింగ్‌తో పోయేది, రేపు టర్బో, రేడియేటర్ కూడా కలుపుకుంటుంది. బండి పక్కన పెట్టేసి డబ్బు కుదిరినప్పుడు చేయించండి, కానీ పెట్టేముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది, ఆ ఆయిల్ వదిలించేసి కొత్తది పోయకుండా నెలల తరబడి ఉంచితే బేరింగులు తుప్పు పడతాయి. సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయని అనుమానం ఉంటే మధ్యమధ్యలో స్టార్ట్ కూడా చేయొద్దు, నిండిన నీళ్ల మీద పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.